మనిషి లేని బోణీ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. ముప్పై రెండేళ్ళవాడికి 'ఆ రోజులు' ఎక్కడివని. కానీ మనిషి చేసిన తప్పు ఎంత పాతదన్నది, దాన్ని నలుగురిలో ఒప్పుకోవడానికి ఎంతకాలం పట్టిందన్న దాన్నిబట్టి ఉంటుందని నా నమ్మకం. (ఆ లెక్కన ఇది చాలా పాతది.) అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఇంజనీరింగు అయిపోయింది. వెంగళరావు నగర్‌లో మా మేనత్త గారింటి మేడమీద గదిలో ఉంటూ, నా తెలివిని ఎవరూ గుర్తించకపోవడం లోకం చేసుకున్న దురదృష్టమని అనుకుంటూ కాలం గడుపుతున్నాను. సరిగ్గా అప్పుడు జూబ్లీహిల్స్‌లో ఒక కొత్త కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జూబ్లీహిల్స్ అనగానే మా అత్త వీధి వీధంతా చెప్పుకుంది. నిజానికి అది ఒక పెద్ద బంగళా వెనకాల, కార్ల షెడ్డు మీద లేపిన రెండు గదులు. బంగళావారి కుక్క మెట్లకి అడ్డంగా పడుకుంటే ఆ రోజు మాకు ఆఫీసు ఆలస్యంగా మొదలయ్యేది.

ఫోనులోంచి దుకాణానికి డబ్బు చేరవేయడం మా కంపెనీ పని. దాన్ని పెట్టినాయన్ని మేము చాటుగా 'వన్‌మోర్ సార్' అనేవాళ్ళం. గోదావరి జిల్లా నుంచి దర్శకుడవుదామని వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఆరేళ్ళు సహాయ దర్శకుడిగా తిరిగిన మనిషి. ఆ ఆరేళ్ళ చదువుని ఆయన రెండు ముక్కల్లో చెప్పేవారు: "ప్రొడక్షన్ మేనేజర్ రేపు రమ్మంటే రేపే వెళ్ళేవాణ్ణి రా తమ్ముడూ. వెళ్తే, నిన్న రావాల్సిందయ్యా అనేవాడు. అప్పుడనుకున్నాను, డబ్బు అనేది ఎవడి మొహం చూసే పని లేకుండా దానంతటది వచ్చి పడాలని." అలా పుట్టింది కంపెనీ. సినిమా వదిలేశానని ఆయన అనుకున్నారు గానీ, ఆ అలవాట్లు ఒక్కటీ వదల్లేదు. మీటింగు మొదలెట్టాలంటే 'స్టార్ట్' అనేవారు. ఎవరేం చెప్పినా 'వన్ మోర్' అని మళ్ళీ చెప్పించేవారు. సర్వరు ఆగిపోతే ఎందుకు ఆగిందో అడగరు, "కథ చెప్పు, ఇంటర్వెల్ ఎక్కడ పడింది?" అనేవారు. ఒకసారి నాకు నిజంగానే జ్వరమొచ్చి ఫోనులో సెలవు అడిగితే, "గొంతులో ఫీలింగ్ లేదు తమ్ముడూ, వన్ మోర్" అన్నారు. నూట రెండు జ్వరంలో ఇంకోసారి అడిగాను. అలాంటి మనిషి దగ్గర పనిచేయడమంటే పొద్దస్తమానం పళ్ళు నూరుకోవడమే.

కంపెనీకి అప్పటికున్నది, సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్‌లో ఒక సందులోని ముప్పై ఆరు దుకాణాలు. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే చిన్న పెట్టె ఒక్కో దుకాణంలో పెట్టాం. అవి సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడడం నా పని. దానికి సార్ పెట్టిన నియమం ఒకటుంది: రోజూ తెల్లారకుండానే వెళ్ళాలి, ఆరు దుకాణాల్లో ఏదో ఒకటి కొనాలి, ఫోనుతో డబ్బు కట్టాలి, కాసేపు కూర్చుని వాళ్ళు చెప్పేది విని వచ్చి రిపోర్టు రాయాలి. ఖర్చులకు డబ్బులు కూడా ఇచ్చేవారు. నేను నాలుగు రోజులు వెళ్ళాను. అయిదో రోజు చలిగా ఉంది. ఇంత చదువు చదివి తెల్లారగట్ల ఇస్త్రీ బండి దగ్గర నిలబడడమేమిటని నా తెలివి నన్ను నిలదీసింది. పెట్టె పలుకుతుందో లేదో తెలియాలంటే ఒక్క రూపాయి పంపితే చాలదా? రోజూ అయిదున్నరకి ముప్పై ఆరు దుకాణాలకూ తలా ఒక రూపాయి వరసగా దానంతటదే వెళ్ళేలా ఏర్పాటు చేసి, దుప్పటి ముసుగేసుకున్నాను. ఆరు చూడమంటే ముప్పై ఆరూ చూశాను, చూడండి. బద్ధకం కూడా నా దగ్గర అరకొరగా ఉండేది కాదు. సార్ ఇచ్చిన ఖర్చుల డబ్బు ఏమైందని మీరు అడగకముందే చెబుతున్నాను, బిర్యానీ అయింది.

రిపోర్టులు మాత్రం మానలేదు. మంచం మీద పడుకునే రాసేవాణ్ణి. సందు మొదట్లో ఇడ్లీలు అమ్మే ఒకావిడ ఉండేది, అందరూ ఇడ్లీ అక్క అనేవారు. ఆవిడ అల్లం చట్నీ ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగిన వైనం, ఇస్త్రీ తాత పెట్టె మాట వినగానే బోసినోటితో నవ్విన తీరు, విగ్గులు అద్దెకిచ్చే అన్న చెప్పిన కష్టసుఖాలు, అన్నీ వర్ణించేవాణ్ణి. సార్ వాటిని అందరి ముందూ పైకి చదివేవారు. "చూడండర్రా, మనిషిని గమనించడమంటే ఇదీ!" అని కళ్ళు తుడుచుకునేవారు. నా రాతకి మాత్రం ఆయన ఎన్నడూ వన్ మోర్ అనలేదు. సిగ్గు పడాల్సింది పోయి, నేను ఇంకో చట్నీ కూడా కలిపాను.

ఇలా మూడు వారాలు గడిచాక ఒక బ్యాంకువాళ్ళు మా కంపెనీతో కలిసి పనిచేయడానికి ముందుకొచ్చారు. ముందు కృష్ణానగర్ వచ్చి ఆ సందంతా తిరిగి చూస్తామన్నారు. వాళ్ళు సరేనంటే కంపెనీ నిలబడుతుంది, కాదంటే నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేయడమే. సరిగ్గా ఆ వారంలోనే దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే నాకు ఫోను చేయడం మొదలుపెట్టారు. "సార్, మీ పెట్టె మాకొద్దు, తీస్కపోండ్రి." ఎందుకంటే చెప్పరు. "గట్లనే సార్, తీస్కపోండ్రి" అని పెట్టేస్తారు. రెండు రోజుల్లో ఏడు పెట్టెలు వెనక్కి వచ్చాయి. సార్ నన్ను కూర్చోబెట్టి, "రోజూ వాళ్ళతో ఉండేవాడివి నువ్వు. చెప్పు, ఏంటి ప్రాబ్లమ్?" అన్నారు. నాకేం తెలుసు? మూడు వారాలుగా నేను చూస్తున్నది మా మేనత్త గారింటి మేడ కప్పు. నోటికొచ్చింది చెప్పేశాను: "గొంతు నచ్చలేదట సార్. పెట్టెలో ఆ గొంతు."

ఆ ముక్క ఇంకెవరికి చెప్పినా పోయేది. మాజీ సహాయ దర్శకుడికి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ సాయంత్రానికే డబ్బింగ్ థియేటరు మాట్లాడి, కథానాయికలకు గొంతు అరువిచ్చే ఒక మేడమ్‌ని పిలిపించారు. ఒకటి నుంచి మొదలుపెట్టి అంకెలన్నీ మళ్ళీ చెప్పించారు. "మేడమ్, 'ఒక రూపాయి అందింది' అన్నప్పుడు, ఇంటికి చాన్నాళ్ళకి చుట్టమొచ్చినట్టు ఉండాలండి. వన్ మోర్." ఆవిడ మళ్ళీ చెప్పింది. "ఇప్పుడు చుట్టం మరీ దగ్గరవాడైపోయాడండి. వన్ మోర్." పదిహేడో అంకె దగ్గర ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఈయనకి ఇంట్లో ఏమైనా బాధలా?" అని అడిగింది. రెండు రోజులు నేను ఆ థియేటరులో ఆయన పక్కనే నిలబడి, బాగుంది సార్, బాగుంది సార్ అన్నాను. కొత్త గొంతు పెట్టెల్లోకి ఎక్కింది. మర్నాడు ఇంకో నాలుగు పెట్టెలు వెనక్కి వచ్చాయి.

బ్యాంకువాళ్ళు వచ్చే రోజు రానే వచ్చింది. వాళ్ళు వచ్చేది పదకొండింటికి. ఆ తెల్లవారుజామున సార్ మా మేనత్త గారింటి ముందు ఆటో ఆపి హారన్ కొట్టించారు. "పద. అక్క దగ్గర కూర్చుని సంగతేంటో అడుగుదాం. ఆ సందులో ఆవిడ మాటే వేదమని నువ్వే కదా రాశావు." (రాసినవాటిలో అదొక్కటీ ఎలాగో నిజమైంది.) మేం వెళ్ళేసరికి అక్క పొయ్యి వెలిగిస్తోంది. మమ్మల్ని చూసి నడుం మీద చేతులేసుకుంది.

"ఏంది సార్, ఇప్పుడు యాదికొచ్చినమా? పెట్టె వెట్టి నాలుగు దినాలు గల్లీల తిరిగి పోయిన్రు, మల్ల ఒక్కడన్న మొకం జూపిచ్చిండా?"

"అదేంటమ్మా! మావాడు రోజూ వస్తున్నాడు కదా. మీ అల్లం చట్నీ గురించి పేజీలకి పేజీలు రాశాడు."

"అల్లం చట్నీయా? నా తాన అల్లం చట్నీ ఏడిది సార్? ఏండ్ల సంది పల్లి చట్నీ ఒక్కటే."

సార్ నా వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచేలోపు, అక్క బల్ల మీది పెట్టె, చాన్నాళ్ళకి చుట్టమొచ్చినంత తియ్యగా, "ఒక రూపాయి అందింది" అంది. చుట్టూ ఒక్క మనిషి లేడు. పక్కన మూసి ఉన్న పాన్ డబ్బాలోంచి "ఒక రూపాయి అందింది." ఆ పక్కన విగ్గుల దుకాణం షట్టరు లోపల్నుంచి "ఒక రూపాయి అందింది." చీకట్లో ఆ సందు పొడుగునా, ఒకదాని వెనక ఒకటి, మిగిలిన పెట్టెలన్నీ ఆ మేడమ్ గొంతుతో పలుకుతూ పోయాయి. సార్ ఒకడుగు వెనక్కి వేశారు.

"ఇన్నరా సార్?" అంది అక్క గరిటె బల్ల మీద కొట్టి. "దినాం గిదే లొల్లి! బోణీ అంటే ఎట్లుండాలె? మనిషి రావాలె, నేను ప్లేటు చేతిల వెట్టాలె, గప్పుడు పైసలు తీస్కొని కండ్లకద్దుకోవాలె. మనిషి లేడు, ఇడ్లీ అమ్మలే, పొయ్యి మీద నీళ్ళన్న కాగలే, పైసలు మాత్రం పడ్డయంటది! గది బోణీయా, దయ్యమా? గది మొదలైనంక షూటింగులు బందువెట్టిన్రు. పది దినాలు ఇడ్లీలు ఆవులకేసిన. గల్లీల అందరు గదే అంటున్రు, దయ్యం రూపాయని."

అప్పుడైనా ఊరుకోవచ్చు. మెషీన్ తప్పు సార్ అనొచ్చు. కానీ ఆ సందులో అన్ని గొంతులు సాక్ష్యం చెప్పాక నాకు ధైర్యం చాలలేదు. "ఆ రూపాయి నాదే సార్" అన్నాను. సార్ మెల్లగా అడిగారు. ఎన్నాళ్ళ నుంచి? మూడు వారాలు దాటింది సార్. గొంతు బాలేదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు సార్. ఇస్త్రీ తాత నవ్వు? చూడలేదు సార్. ఆయన తిడతారని ఎదురుచూశాను, తిట్టలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, "ఆ ప్రొడక్షన్ మేనేజరే నయం రా. రేపు రమ్మన్న మాటైనా నా మొహం చూసి చెప్పేవాడు" అన్నారు. తర్వాత లేచి అక్కకి దణ్ణం పెట్టి, "తప్పు నాదేనమ్మా, కుర్రాడికి పని సరిగ్గా చెప్పలేదు" అన్నారు. రోజుకి పదిసార్లు నేను చాటుగా వెక్కిరించిన మనిషి ఆయన. ఆ మాట విన్నాక తల ఎత్తలేకపోయాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "గీ పోరడ్ని ఇయ్యాల సక్కంగ బోణీ చెయ్యమను. ఇడ్లీలన్ని అమ్ముడువోతే పెట్టె ఉంటది. మిగిల్తే నీ పెట్టె నువ్వు తీస్కపో సార్. గల్లీ మొత్తం నన్ను జూసే చేస్తరు."

చేత్తోనే ఇద్దామని జేబు తడిమాను. నా దగ్గర నోటు లేదు. సార్ దగ్గరా లేదు. (నోటు ముట్టుకోనని ఆయనకి వ్రతం.) అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "పైసల కంపెనోళ్ళ తాన పైసల్లేవా! ఫోన్లనే కొట్టు బిడ్డా. ఎదురుంగ నిలబడ్డవ్ గద, గంతే చాలు." ప్లేటు నా చేతిలో పెట్టింది. డబ్బు కొట్టాను. పెట్టె పలికింది. అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ పెట్టెని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత మూడు గంటలు నేను అక్కడే నిలబడి వాయి వాయికీ లెక్క చూస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఏడు దాటాక సందు చివర తెల్ల వ్యాన్లు వరసగా ఆగాయి. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైట్లవాళ్ళు గుంపులుగా వచ్చి పడ్డారు. ఎనిమిదిన్నరకి గిన్నెలో ఒక్క ఇడ్లీ లేదు. అక్క పాన్ డబ్బావాడి వైపు చూసి, పెట్టెలు ఉండనీ అన్నట్టు తల ఊపింది. పదిన్నరకల్లా వెనక్కిచ్చిన పెట్టెలన్నీ ఎవరి దుకాణంలోకి అవి వెళ్ళిపోయాయి. బ్యాంకువాళ్ళు వచ్చి చూసి సంతోషించారు. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు గానీ, మరుసటి రోజు నుంచి ఏడాదిపాటు సార్ నన్ను తెల్లారగట్ల ఆ సందులోనే ఉంచారు. ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేయించానో లెక్కలేదు. ఒకసారి బోణీ కోసం విగ్గు కూడా అద్దెకు తీసుకున్నాను.

తర్వాత కంపెనీ ఎంతో పెద్దదయింది. ఇంకో పెద్ద కంపెనీ దాన్ని కొనేసింది. సార్ ఇప్పుడు ఆ డబ్బుతో సినిమా తీస్తానంటున్నారు, కథ ఇంకా ఇంటర్వెల్ దాకా రాలేదు. మొన్న ఒక పెళ్ళిలో కనిపిస్తే, పక్కవాళ్ళకి ఈ సంగతి చెబుతూ నేను అలవాటుగా, "ఏదేమైనా సార్, నా చెయ్యి మంచిది. కంపెనీ నా బోణీతోనే నిలబడింది" అన్నాను. ఇన్నేళ్ళుగా అందరికీ అలాగే చెప్పుకుంటున్నాను. ఆయన చిరాగ్గా నుదురు కొట్టుకున్నారు. "నీ మొహం రా! షూటింగులు మళ్ళీ మొదలైంది ఆ రోజే. ముందురోజు సాయంత్రమే అందరికీ కబురొచ్చింది. అక్క రాత్రే రెండింతల పిండి రుబ్బుకుంది. నిన్ను క్షమించి వదిలేద్దామని అనుకున్నాకే ఆ పందెం పెట్టింది. రెండు గిన్నెల పిండి నీ పక్కనే ఉంది కదరా, చూళ్ళేదా?"

చూశాను. ఇరవై మూడేళ్ళ ఆ మేధావి మూడు గంటలు వాటి పక్కనే నిలబడ్డాడు. రెండో గిన్నె మూత మీద తన హెల్మెట్ కూడా పెట్టాడు. అక్క దాన్ని తీసి కింద పెట్టి, ఇంకో వాయి వేసింది.