కిర్రు అనంతయ్య చేసిన రేడియో పెట్టె

గద్వాలలో వడ్రంగం చేసే వడ్ల అనంతయ్యను చెడ్డవాడని ఎవరూ అనలేదు. మరిచిపోయేవాడని కూడా ఎవరూ అనలేదు. చిన్నప్పుడు తన బొంగరం ఎత్తుకుపోయినవాడు పెద్దయ్యాక కాలు విరగ్గొట్టుకుంటే, అనంతయ్యే చేతికర్ర చేసిచ్చాడు. కర్ర నున్నగా, అందంగా ఉంది. ఒక్క అంగుళం పొట్టిగానూ ఉంది. కాలు బాగయ్యాక కూడా ఆ మనిషి ఒక పక్కకు ఒరిగే నడిచాడు.

అట్లాంటి అనంతయ్యకు ఊరంతా కలిసి పెట్టిన పేరు కిర్రు అనంతయ్య. దానికి మూలం వెంకటేశం సావుకారు.

సావుకారు పత్తి వ్యాపారి. బిడ్డను వనపర్తి సంబంధానికి ఇచ్చాడు. పెండ్లి దగ్గరపడ్డాక పీటలు చెయ్యమని అప్పుడే కొట్టించిన వేపమొద్దు పంపించాడు. "పచ్చి కట్టె సావుకార్, ఎండాలె. గిట్లనే చేస్తే అతుకులు ఇడుస్తయి" అన్నాడు అనంతయ్య. "నీ కట్టె ఎండేదాక ముహూర్తం ఆగుతదా? చెయ్‌ చెయ్" అన్నాడు సావుకారు. అనంతయ్య చేశాడు.

మేళం కాస్త ఆగిన నిమిషంలోనే పెండ్లికొడుకు పీట మీద ఇటునుంచి అటు సర్దుకున్నాడు. పీట కిర్ర్‌ర్‌మని సాగదీసి కూసింది. అది పీట కూతలాగా లేదు. పెండ్లికొడుకు వెంకట్రాములు ముఖం బాసికం కంటే ఎర్రగా అయింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కొత్త వియ్యంకుడి ముందు పరువు పోయేట్టుందని సావుకారు గట్టిగా అందుకున్నాడు.

"సప్పుడు మా అల్లునిది కాదయ్యో! అనంతయ్యది!"

పందిరంతా గొల్లుమంది. పచ్చి కట్టె ఇచ్చింది తానేనన్న సంగతి సావుకారు చెప్పలేదు. అల్లుడి పరువు ఆ పూటకు నిలిచింది. అనంతయ్య పరువు మాత్రం ఆ పందిట్లోనే ఉండిపోయింది. ఆనాటి నుంచి ఎవరికి బల్ల చేసిచ్చినా ముందు చెవి ఆనించి, తరువాత భయం భయంగా కూర్చునేవారు. ఒకసారి అయిజ సంతలో ఎన్నడూ చూడని మనిషి ఎదురొచ్చి, "కిర్రు అనంతయ్య అంటే నువ్వేనా అన్నా?" అని ప్రేమగా అడిగాడు. అనంతయ్య ఆ రోజు కొనాల్సినవేవీ కొనకుండా ఇంటికొచ్చాడు. తన పేరు ఎట్లాగైనా కడుక్కోవాలి, ఆ మురికి తీసుకుపోయి సావుకారుకే పూయాలి. అంతవరకు ఆయనకు అన్నం సహించదు. సహించదన్న మాటే గాని, తినడం మానలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో సావుకారు రేడియో కొన్నాడు. మీటలుండే పెట్టె ఒకటి, మాట బయటికొచ్చే బూర ఇంకొకటి. రెంటికీ నడుమ తీగ. బ్యాటరీ కర్నూలులో ఛార్జి చేయించి రైల్లో తెప్పించేవాడు. వానకాలంలో మిద్దె కురిసి బూర పెట్టె తడిసింది. పల్చటి చెక్కపొరలు అంటించి చేసిన పెట్టె అది, మైదాతో అంటించిన అట్టలాగా పొరలు పొరలుగా విడిపోయింది. బూర మిగిలింది, ఇల్లు పోయింది.

సావుకారు అనంతయ్యకు కబురు పంపాడు. "వియ్యంకుడు, అల్లుడు వస్తుండ్రు రేడియో ఇనేటందుకు. టేకుతోని మంచి పెట్టె చెయ్. కిర్రుమనకుంట చెయ్యవయ్యా!" అంటూ తన మాటకు తానే నవ్వుకున్నాడు.

అనంతయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి భయపడవలసింది, కాని సావుకారు చూడలేదు.

సావుకారు కూర్చునేది వెడల్పాటి చెక్కబల్ల, తఖ్తు మీద. రాయచూరు నుంచి తెప్పించానని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అనంతయ్య కింద కూర్చుని బూర కొలతలు తీసుకుంటుంటే, సావుకారు బొంగురు గొంతుతో జీతగాణ్ని కేకేశాడు. తఖ్తు అడుగున ఏదో జుమ్మంది. అనంతయ్య వంగి చూశాడు. నడిమి పలక ఎండి కుంచించుకుపోయింది. సావుకారు బరువు పడినప్పుడు అది వంగి అడ్డబద్దకు తగిలీ తగలనట్టు ఆనుతోంది. ఇది చేసినవాడూ పచ్చి కట్టెతోనే చేశాడన్నమాట. చిన్న బద్ద దోపితే పోయే జబ్బు. అనంతయ్య కొలతలు మాత్రం తీసుకుని వచ్చేశాడు.

పని మొదలుపెట్టాడు. ఆయన మనసులో మొదట పడిన ఉపాయం చాలా సులువైనది. పెట్టె లోపల ఒక వెదురు బద్దను ఒక కొసనే బిగించి, రెండో కొస వదిలేశాడు. తరువాత పెట్టెలో తలదూర్చి "ఊఁ" అన్నాడు. పెట్టె బుర్ర్‌మంది. వియ్యంకుడి ముందు, అల్లుడి ముందు సావుకారు రేడియో ఇట్లా అపానవాయువు వదులుతుంటే! అనంతయ్య కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. పెట్టె కూడా ఆయనతోపాటు బుర్రుబుర్రుమంది.

భార్య జములమ్మ చేటలో బియ్యం ఏరుతూ గడప దగ్గర కూర్చుని ఉంది.

"ఏందయ్యా, పెట్టెల మూతివెట్టి నవ్వుకుంటున్నవ్?"

ఉపాయం చెప్పాడు. ఆమె ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"పెట్టె చేసింది ఎవరంటరు?"

"నేనే. ఊరందరికి ఎరుకే గదా."

"మరి కిర్రుమన్న పెట్టె ఎవరిదంటరు?"

అనంతయ్య కొంచెంసేపు ఉలి పదును చూసుకున్నాడు. తరువాత పెట్టెలో చెయ్యి పెట్టి వెదురు బద్ద పీకి, చెవి సందున దోపుకున్నాడు.

"నీ తెలివి మా నాయిన చూడకనే పోయిండు" అన్నాడు మెల్లగా.

"ఆయన చూసిండులే. నిన్నుగూడ చూసిండు గదా, అందుకనే నన్ను తెచ్చిండు."

మరునాడు చెవి సందున ఉన్న ఆ బద్ద మీద చెయ్యి పడగానే అనంతయ్యకు తఖ్తు జ్ఞాపకం వచ్చింది. అటుపిమ్మట ఆయన పని చేసిన తీరు చూస్తే, దేవుడికి రథం చేస్తున్నాడనుకుంటారు. చేసింది పగతోనే. పాత గొంగడి కోసి లోపల నాలుగు గోడలకూ పరిచాడు, పెట్టె తన సొంత గొంతుతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదని. మృదంగం దెబ్బ గంభీరంగా పలకాలని లోతు పెంచాడు. లక్కను స్పిరిటులో కరిగించి గుడ్డముద్దతో రుద్దాడు, ఎండనిచ్చాడు, మళ్లీ రుద్దాడు. రుద్దినప్పుడల్లా పెండ్లి పందిరి, అయిజ సంత, ఆ ప్రేమగల మనిషి వరుసగా తలపుకొచ్చేవారు. అందుకే ఆ పెట్టెకు అంత మెరుపు వచ్చింది.

తీసుకుపోయి ఇచ్చిననాడు సావుకారు దాన్ని గూట్లో పెట్టమన్నాడు.

"గూట్లె వెడితే గోడకే ఇనవడ్తది సావుకార్" అన్నాడు అనంతయ్య వినయంగా. "తఖ్తు మీద, మీ పక్కన వెడదాం. ఇన వచ్చినోల్లందరు మిమ్ములను చూసుకుంటనే ఇంటరు."

సావుకారుకు ఆ మాట నచ్చింది.

సాయంత్రం పొద్దు ఉండగానే జనం చేరారు. వనపర్తి వియ్యంకుడు కుర్చీలో, అల్లుడు వెంకట్రాములు పక్కన. నేతపని బాలస్వామి మగ్గం దిగి, అట్లాగే వచ్చి ద్వారబంధానికి ఆనుకున్నాడు. అనంతయ్య అందరికంటే వెనక, గోడవారగా కూర్చున్నాడు. సావుకారు తఖ్తెక్కి, పెట్టె మీద మోచెయ్యి ఆనించి, పాటంతా తనదే అన్నట్టు చూశాడు.

మద్రాసు స్టేషను దొరికింది. గొంతు తేటగా వచ్చింది. "అబ్బ" అన్నారు ఎవరో. అంతలో మృదంగం దిగింది.

బుర్ర్.

మళ్లీ దెబ్బ. మళ్లీ బుర్ర్.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సావుకారు క్షణం కూడా ఆలోచించలేదు. "కిర్రు అనంతయ్య పెట్టె గదా! ఇంకెట్లుంటది?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది.

అనంతయ్య ఆ నవ్వును ఆసాంతం నవ్వనిచ్చాడు. ఆ తరువాత లేచాడు.

"జర ఉండుండ్రి సావుకార్."

పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మృదంగం ఆయన చేతుల్లో ధిమిధిమిమంటూ మోగింది. బుర్రు లేదు. మళ్లీ తఖ్తు మీద పెట్టాడు. బుర్ర్.

"ఇప్పుడు మీరు జర లేవుండ్రి."

"నేనెందుకు లేస్త?"

"లేవుండ్రి బావా, ఏమైతది?" అన్నాడు వియ్యంకుడు.

సావుకారు లేచాడు. పెట్టె తఖ్తు మీదే ఉంది, పాట తేనెలాగా సాగింది. ఊళ్లో అంత మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టడం బాలస్వామి ఎన్నడూ చూడలేదట.

"కూసోండ్రి సావుకార్. ఎంతసేపు నిలవడ్తరు?"

సావుకారు పిల్లి అడుగు వేసినట్టు, మెల్లమెల్లగా కూర్చున్నాడు.

బుర్ర్‌ర్ర్.

ఇన్నేళ్లూ పెండ్లి పీట మాట ఎత్తితేనే తల దించుకునే వెంకట్రాములు అప్పుడు తల ఎత్తాడు.

"సప్పుడు పెట్టెది కాదయ్యో! మా మామది!"

ఇక ఆ ఇంట్లో పాట ఎవరు విన్నారు? వియ్యంకుడు కుర్చీలోంచి జారిపోయాడు. సావుకారు భార్య వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకుంది, తలుపు వెనక నుంచి కూడా నవ్వు వినిపించింది. తెల్లారేసరికి గద్వాల మగ్గాలన్నిటి మీదా కిర్రు సావుకారు అనే పేరు నడుస్తోంది. పై సంతకు అయిజకూ చేరింది.

జనం కదిలాక సావుకారు అనంతయ్యను దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"అనంతయ్యా, ఆ తఖ్తు జర సూడరాదు? ఏందో ఒకటి దోపు."

అనంతయ్య వంగి, తఖ్తు అడుగున చూశాడు. పలకను వేలితో మీటాడు. ఎంతో బాధపడుతున్నవాడిలా తల ఊపాడు.

"పచ్చి కట్టె సావుకార్. ఎండాలె."

"ఎన్ని దినాలు?"

"ఇప్పుడు ముహూర్తమేం లేదు గదా. నిదానంగ ఎండనీయుండ్రి."

మరుసటి ఎండకాలం దాటేదాకా సావుకారు కింద చాప మీద కూర్చునే రేడియో విన్నాడు.

అనంతయ్య బయటికొచ్చాడు. వెదురు బద్ద ఇంకా చెవి సందునే ఉంది. ఆ పలకకూ అడ్డబద్దకూ నడుమ సరిగ్గా పట్టే మందం దానిది. బజారు నడుమకు వచ్చాక దాన్ని తీసి, కొస చీల్చి, పళ్ల సందులు కుట్టుకుంటూ ఇంటిదారి పట్టాడు.