ఇంకా మోగుతాంది

నలభై దాటాక పియానో మొదలుపెట్టాను. ఏది వాయించినా రేకుల మీద రాళ్లు పడ్డట్టే ఉండేది. ఇక మానేద్దామా అనుకుంటున్న రోజుల్లో ఒకసారి హన్మకొండలో ములుగు బస్సెక్కి, ఒళ్లోని బ్యాగు మీద వేళ్లతో పాఠం సాధన చేస్తున్నాను.

పక్క సీట్లోని పెద్దావిడ చాలాసేపు చూసి, "పియానోనా బిడ్డా? నేను పిల్లలకు గదే నేర్పిస్త. గట్ల కొడ్తే అది ఏడుస్తది," అంది.

"మరెట్ల వాయించాలమ్మా?"

ఆవిడ నా ముంజేతి మీద ఒక వేలు ఆనించింది. కొట్టలేదు, నొక్కలేదు. భుజం నుంచి చేతి బరువంతా మెల్లగా ఆ వేలికొసకి దిగింది. వేలు తియ్యకుండానే కళ్లు మూసుకుంది.

"ఆగు, ఇంకా మోగుతాంది. జర విను."

హారన్ల మధ్య ఆవిడ నిజంగానే వింటోంది. అంత శ్రద్ధగా వినే మనిషిని నేనెన్నడూ చూడలేదు. నేనూ ఊపిరి బిగబట్టాను.

"ఆఁ, ఇప్పుడు అయిపోయింది," అని వేలు తీసింది. "అందంగ పలికేదాక పియానో మీద ఒక్క మెట్టే వాయించు. రెండోది ముట్టకు."

మల్లంపల్లిలో దిగిపోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, ఒకే ఒక్క మెట్టు మీద చేతి బరువు వదిలి, చివరిదాకా విన్నాను. పక్క గదిలో మా ఆయన టీవీ ఆపేశాడు.