పెద్దమ్మ కన్నీళ్లకు పరీక్ష

ఆ రోజుల్లో ఆడపిల్ల సైన్సు చదువుతోందంటే ఇంటిల్లిపాదికీ గర్వమూ, గాభరా రెండూ ఉండేవి. నేను అమలాపురంలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి కాలేజీకి వెళ్లేదాన్ని. ప్రాక్టికల్ పరీక్షకు మాస్టారు కోడిగుడ్డు తెల్లసొన తెమ్మన్నారు. అందులో లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. బాక్టీరియా కలిపి మసకబారిన నీళ్లలో దాన్ని వేస్తే నీళ్లు తేటపడాలి. గుడ్డు పేరెత్తితేనే పెదనాన్నగారు మళ్లీ స్నానం చేసే ఇల్లు మాది! నా మొహం చూసి మాస్టారు జాలిపడి, "పోనీ, కన్నీళ్లు తేమ్మా. వాటిలోనూ అదే ఉంటుంది" అన్నారు.

కన్నీళ్లకు మా ఇంట్లో కరువా? పక్కింటి గేదె ఈనినా పెద్దమ్మ ఏడ్చేది. చిన్న సీసా పట్టుకెళ్లి, "కాస్త ఏడవవా, పెద్దమ్మా" అన్నాను. "శుభమా అని పరీక్షకెళ్తూ ఏడుపేవిటే!" అని ఆవిడ పకపకా నవ్వింది. (ఉల్లిపాయ కోద్దామంటే ఆ ఇంట్లో అదీ నిషేధమే.) నేనే ఏడుద్దామనుకుంటే భయంతో నా కళ్లు ఎండిపోయాయి. ఇక పరీక్ష తప్పడం ఖాయమనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్న కనీసం పాఠమైనా వస్తే చాలని అరుగు మీద కూర్చుని వల్లె వేస్తున్నాను. బాక్టీరియా చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన గోడ ఉంటుంది. ఎంజైము ఆ గొలుసుల్ని తెంపుతుంది. బయటి నీళ్లు లోపలికి తోసుకొచ్చి కణం పగిలిపోతుంది. పుస్తకంలోని ఇంగ్లీషు నోరు తిరగక, నాకు తెలిసిన భాషలో గట్టిగా అనేసుకున్నాను: "గట్టు తెగింది, నీళ్లొచ్చేసేయి, గండి పడిపోయింది!"

అసలే శ్రావణమాసం, గోదారి నిండుగా ఉంది. పెద్దమ్మ కూతురి కాపురమేమో ఏటి మధ్య లంకలో. లోపల గిన్నె దబ్బున పడింది. "అయ్యో, లంకలో నా కూతురు! ఏవండీ, గండి పడిందంటండీ!" అంటూ పెద్దమ్మ భోరున ఏడుస్తూ వీధిలోకొచ్చింది. "ఆయ్, ఎక్కడండీ?" అంటూనే ఎదురింటివారు బియ్యం బస్తాలు అటకెక్కించడం మొదలుపెట్టేరు.

"గోదారికి కాదు పెద్దమ్మా, బాక్టీరియాకి!"

"ఆ ఊరెక్కడే తల్లీ?"

కూతురు క్షేమమేనని నచ్చజెప్పాక, ఆ సంతోషంతో ఇంకా ఎక్కువ ఏడ్చింది. అప్పుడు సీసా పెట్టాను ఆవిడ చెంప కింద.

పరీక్ష గదిలో ఆ చుక్కలు వేయగానే నీళ్లు తేటపడ్డాయి. పై ఊరి నుంచి వచ్చిన పరీక్షకులు, "ఎవరివమ్మా ఈ కన్నీళ్లు? దివ్యంగా పనిచేశాయి" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇన్నేళ్లకి నా ఏడుపుని ఒకరు మెచ్చుకున్నారే" అంది.

పాసయ్యానని గెంతులేస్తున్న అప్పటి నాకు అది నవ్వులాటగానే తోచింది. ఇప్పుడు ఆవిడ వయసు నాకొచ్చింది. టీవీలో ఎవరి పెళ్లి జరిగినా నా కళ్లు చెమరుస్తాయి, మనవరాలు నవ్వుతుంది. నేనూ నవ్వుతాను గానీ, పెద్దమ్మ పక్కన కూర్చుని తనివితీరా ఏడవాలనిపిస్తుంది.