ఐదో ముద్దాయి

అది 1959. గుంటూరులో నేను ప్లీడరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. ఒంగోలు, అద్దంకి ప్రాంతాలు అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేవి. అక్కడి హత్య కేసులు గుంటూరు సెషన్స్ కోర్టుకే వచ్చేవి. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి కోర్టే ఒకరిని ఏర్పాటు చేస్తుంది. దాన్ని స్టేట్ బ్రీఫ్ అంటాం. నాకు వచ్చిన మొదటి స్టేట్ బ్రీఫ్‌లో ముద్దాయి పేరు మస్తాను. అద్దంకి దగ్గర ఒక పల్లెలో బాడుగకు ఎడ్లబండి తోలేవాడు.

ఆ ఊళ్ళో కోటయ్య అనే రైతుకూ, అతని దాయాదులైన నలుగురు అన్నదమ్ములకూ పొలం గట్టు దగ్గర తగాదా ఉంది. మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ నలుగురూ మస్తాను బండిలో కోటయ్య కల్లానికి వచ్చారు. పెద్దవాడు గొడ్డలితో నరికాడు. రెండోవాడు కర్రతో కొట్టాడు. చిన్నవాళ్ళిద్దరూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. భార్య అంకమ్మ కళ్ళెదుటే కోటయ్య ఆ కాయల మీద పడి చనిపోయాడు. నలుగురూ మళ్ళీ అదే బండెక్కి వెళ్ళిపోయారు.

పోలీసులు మస్తానును ఐదో ముద్దాయిగా చేర్చారు. ఎందుకో తెలియాలంటే పీనల్ కోడ్‌లో 149వ సెక్షన్ సంగతి కొంచెం చెప్పాలి. ఐదుగురు, లేదా అంతకు మించి, ఒకే దురుద్దేశంతో గుమికూడితే అది అన్‌లాఫుల్ అసెంబ్లీ, అంటే చట్ట విరుద్ధమైన గుంపు. ఆ ఉద్దేశం నెరవేర్చుకోవడానికి గుంపులో ఒకడు ప్రాణం తీస్తే, కర్ర కూడా ఎత్తనివాడికీ హత్యానేరమే వర్తిస్తుంది. కానీ ఐదుగురు ఉండాలి. నలుగురైతే ఆ సెక్షన్ నిలవదు. లా కాలేజీలో దీన్ని పరీక్ష కోసం బట్టీపట్టాను. అందులో ఒక ఉరితాడు ఉందని సబ్ జైల్లో మస్తానును చూసినప్పుడే నాకు తెలిసింది.

నన్ను చూడగానే అతను ఊచల దగ్గరికి వచ్చాడు.

"బండి తోలితే ఉరేస్తారా అయ్యా?"

"జరిగింది జరిగినట్టు చెప్పు."

"కాయలు బస్తాలకెత్తాలి, రారా అన్నారు. వెళ్ళా. వాళ్ళు దిగీ దిగగానే మొదలెట్టారు. నేను బండి దూకి వద్దు వద్దని అడ్డం పోయా. పెద్దాయన గొడ్డలి నా మీదికే ఎత్తాడు. ఎక్కమంటే ఎక్కా. తోలమంటే తోలా."

"నువ్వు అడ్డం వెళ్ళడం ఎవరైనా చూశారా?"

"కోటయ్య పెళ్ళాం అక్కడే ఉంది. కానీ పాపం, నెత్తీ నోరూ కొట్టుకుంటా ఉంది. చూసిందో లేదో."

మా సీనియర్ గారికి చెప్పాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, జవాబు తెలియని ప్రశ్న అడగకూడదన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

"అంకమ్మ చూడలేదని అందంటే నీ వాడి పని అయిపోయినట్టే," అన్నారాయన.

"అడగకపోతే?"

"పోలీసులకు ఆమె చెప్పిన 'ఐదుగురూ వచ్చారు' అన్న మాట అలాగే ఉండిపోతుంది. నీ ఇష్టం."

సాక్ష్యం రోజు కోర్టు వరండాలో కోటయ్య తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. పోట్లాటకు వచ్చాడేమో అనుకున్నాను. చేతులు జోడించాడు.

"మస్తానుగాడు మంచోడేనండి, నాకూ తెలుసు. కానీ వాడు బయటికొస్తే లెక్క తప్పుద్దంట గదా? కర్రలు పట్టుకుని నిలబడ్డోళ్ళూ బయటికొస్తారంట. ఆళ్ళ ఇంటి పక్కనే మా వదిన ఎట్టా బతకాలో చెప్పండి."

లోపలికి నడిచాను. అడగకపోతే ఒక అమాయకుడు ఉరికంబం ఎక్కవచ్చు. అడిగితే, అతనితో పాటు నేను కాపాడదలచుకోనివాళ్ళూ తప్పించుకోవచ్చు.

బోనులో అంకమ్మ "ఐదుగురూ వచ్చారు" అనే చెప్పింది. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"అమ్మా, కొడుతున్నప్పుడు మస్తాను ఎక్కడున్నాడు?"

ఆమె మరిది వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "చెప్పమ్మా," అన్నారు జడ్జిగారు.

"ముందు బండి మీద ఉన్నాడు. తర్వాత కిందికి దూకాడు."

దూకి, కొట్టేవాళ్ళతో కలిశాడని ఆమె అంటే అంతా అయిపోయినట్టే. అక్కడితో కూర్చుండిపోదామా అనిపించింది. కూర్చోలేదు.

"దూకి ఏం చేశాడు?"

ఆమె బోను కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

"పెద్దాయన చెయ్యి పట్టుకోబోయాడు. వద్దు బాబూ, వద్దని అరిచాడు. 'బండెక్కుతావా, నిన్నూ నరకమంటావా' అన్నాడాయన. అప్పుడెక్కాడు."

"ఈ మాట పోలీసులకెందుకు చెప్పలేదు?" అని జడ్జిగారే అడిగారు.

"ఎంతమంది వచ్చారని అడిగారండి. చెప్పా."

తీర్పులో పెద్దవాడికి యావజ్జీవ శిక్ష పడింది. రెండోవాడికి కొన్నేళ్ళ జైలు. ఐదుగురు లేరు గనుక 149 నిలవలేదు. నలుగురూ చంపాలని ముందే అనుకుని వచ్చారన్న ఉమ్మడి ఉద్దేశం కూడా రుజువు కాలేదని చిన్నవాళ్ళిద్దరినీ మస్తానుతో పాటే వదిలేశారు. "ఇంటికి పోవచ్చా?" అని మస్తాను నన్ను పదేపదే అడిగాడు. అవునన్నా నమ్మలేదు.

అంకమ్మ వరండా చివర కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళి, "మీ మాట వల్ల ఆ ఇద్దరూ కూడా..." అన్నాను.

"తెలుసు బాబూ. మా మరిది చెప్తానే ఉన్నాడు. భయమే. రేపట్నుంచి ఆళ్ళ గుమ్మం ముందునుంచే గదా పొలానికి పోవాలి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా, మా ఆయన కోసం అడ్డమొచ్చింది వాడొక్కడే గదా."

తర్వాత చాలా ఏళ్ళు, అద్దంకి వైపు నుంచి ఎవరొచ్చినా ఆమె గురించి అడగడానికి భయపడుతూనే అడిగేవాడిని. ఆమెకు ఏ హానీ జరగలేదు. కానీ ఎప్పుడూ ఒంటరిగా పొలానికి వెళ్ళలేదట.

ఇప్పుడు లా చదివే పిల్లలు నా దగ్గరికి వచ్చి 149ని గడగడా అప్పజెబుతారు. గుంపులో ఎంతమంది ఉన్నారో సాక్షులందరూ చెబుతారు. ఒక్కొక్కడూ ఏం చేశాడో మీరు అడగండి అంటాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు తిరిగి అదే ఊరికి వెళ్ళి బతకాలి. ఆ సంగతి ఏ సెక్షన్‌లోనూ ఉండదు.