నోట్సులో నాయన పేరు

మా పాప ఇంగ్లీషు పుస్తకంలో ‘స్కైస్క్రేపర్’ అన్న మాట చూడగానే కోసిగిలో నా మూడో తరగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు వానల్లేక అమ్మా నాయనా బెంగళూరుకు బిల్డింగు పనికి పోయారు. నేను అవ్వ దగ్గర ఉన్నాను. పెద్ద నగరాలను వర్ణించే ఇంగ్లీషు మాటలు నేర్పుతూ, స్కైస్క్రేపర్ అంటే ఆకాశాన్ని గీకేదని సారు చెప్పారు. మా నాయన పైకెక్కి ఆకాశాన్ని గీకుతున్నాడని బడంతా చెప్పుకున్నాను.

ఒకరోజు అమ్మ ఒక్కతే వచ్చింది. ఇంటినిండా జనం.

“అమ్మా, నాయన కట్టే బిల్డింగు ఎంత ఎత్తుండాది?”

“శానా ఎత్తు పాపా. మీ నాయన ఆడినుంచే పోయినాడు.”

ఇంకో ఊరికి పనికి పోయాడనుకున్నాను. సారు నగరం గురించి రాసుకురమ్మంటే, బెంగళూరులో గొప్ప స్కైస్క్రేపర్ ఉందని నోట్సులో ఇంగ్లీషులో రాసి, అమ్మకు చదివి వినిపించాను.

“దీంట్ల మీ నాయన పేరు యాడుండాది?”

“లేదమ్మా.”

“రాయి.”

ఇంగ్లీషులో రాయడం రాక తెలుగులోనే రాశాను.

బడికి పోయాక సారు ఆ పేరు చూసి, మార్కులు వేయకుండానే నోట్సు మూసి చేతికిచ్చారు. నేను అలిగాను. నాయన పైనుంచి పడి చనిపోయాడని బడిలో అప్పటికి తెలియనిది నాకొక్కదానికే.