నవ్విన చోట గీత

మా అక్క ఫోన్ చేసి బావ పోయాడని చెప్పినప్పుడు, నేను జీపులో పదకొండు మంది మనుషుల్ని, ఒక మేకని ఎక్కించుకుని చింతపల్లి ఘాట్ ఎక్కుతున్నాను. బండి పక్కకి ఆపి, "మా బావ పోయాడు" అన్నాను. వెనక సీట్లో ఇద్దరు నవ్వారు. వాళ్ల తప్పు కాదు. "మా బావ" అని నేను మొదలుపెడితే నవ్వడం ఈ రోడ్డు మీద అలవాటు.

మీలో చాలామంది ఆయన్ని పేపర్లో చదివే ఉంటారు. కాఫీ తోటల్లో గుమస్తా పనికి పల్లం నుంచి వచ్చినవాడు, ఇరవై ఏళ్లకు పైగా జిల్లా పేజీలో వారం వారం నవ్వించాడు. రెండు హాస్య నవలలు కూడా అచ్చయ్యాయి. నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. అయినా రాసిన ప్రతి ముక్కా ముందు నాకే చదివి వినిపించేవాడు. నేను పకాలున నవ్విన చోట గీత పెట్టుకునేవాడు. తర్వాత ఆ ముక్క కొట్టేసేవాడు.

"నవ్వించడానికే రాత్తావు గదా బావా, నవ్వితే కొట్టెత్తావేటి?" అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను.

"నువ్వంత గట్టిగా నవ్వీసేవంటే అది ఎవుడో ఒకడికి తగిలినట్టేరా. ఇక్కడున్నదే గుప్పెడు మనుషులం. ఆడు సదూకుంటే?"

మొదట్లో ఒక తప్పు జరిగిందిలెండి. సంతకి మిరియాలు తెచ్చి, బేరం కుదిరేదాకా గొడుగు ముడవని ఒక రైతు మీద రాశాడు. పేరు రాయలేదు. అవసరమూ లేకపోయింది, సంతలో అలాంటివాడు ఒక్కడే. ఆ మనిషి రెండు నెలలు సంతకే రాలేదు. బావ వాళ్ల ఊరు నడిచి వెళ్లి, అతని గుమ్మంలో పొద్దంతా కూర్చుని వచ్చాడు. ఈ గీతలు ఆ తర్వాతే. "నవ్వు కూడా ఘాట్ రోడ్డేరా, మలుపులో హారన్ కొట్టాల" అనేవాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క ఒక కాగితాల కట్ట నా ఒళ్లో పెట్టింది. మూడో నవల. ఇదొక్కటే నాకు చదివి వినిపించనిది.

"నువ్వు నవ్వినకాడ గీత పెట్టాలంట. అయి తీసీసి అచ్చుకి పంపమన్నాడు. బేగి సదువు."

చదివాను. అందులో హీరో జీపు డ్రైవరు. ఇంజన్ మొరాయిస్తే బండికి క్షమాపణ చెప్పుకుంటాడు. మొదటి పేజీ నుంచీ నవ్వుతూనే ఉన్నాను. తగిలింది నాకే. తగిలినవాడే నవ్వుతుంటే గీత పెట్టాలా, వద్దా? పెడితే నవలలో పేజీ నంబర్లు తప్ప ఏమీ మిగలదు. పెట్టకపోతే ఆయన ఆఖరి మాట తప్పినట్టు. అడుగుదామంటే మనిషి లేడు.

నలభయ్యో పేజీలో డ్రైవరు అక్కగారు వచ్చింది. మొగుడు రాసుకుంటున్నంతసేపూ "ఊరికే కూకున్నాడు" అని చుట్టాలకి చెప్పే మనిషి. నవ్వొచ్చి నోరు నొక్కుకున్నాను. నా సంగతి సరే, ఇది ఆమెకి తగిలితే? పెన్ను మూత తీసి, కాగితం అక్కకే ఇచ్చాను.

ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. మొహం ఎర్రబడింది.

"సూడు, సూడు! ఎదురుగా కూకుని నా మీదే రాసేడు" అని, ఆయన పోయాక మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మళ్లీ చదివింది, మళ్లీ నవ్వింది.

"గీత పెట్టనా అక్కా?"

"పెట్టేవంటే సెయ్యి ఇరిసేత్తాను."

అప్పుడే పరామర్శకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆ నవ్వు విని గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఒక కాలి చెప్పు విడిచి, రెండోది విడవాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డారు.