గానుగ గంట

ఎక్కడ గంట మోగినా నా ఒళ్ళు చల్లబడుతుంది. ఇన్నేళ్ళుగా ఈ భయాన్ని కొంగున కట్టుకుని తిరుగుతున్నాను. మీకైనా చెప్పకపోతే కాటికి కూడా దీన్ని మోసుకుపోతాను.

యుద్ధం రోజులు. వడమాలపేట దగ్గర మా అత్తగారింట్లో చెరకు గానుగ ఉండేది. మా బావ, అంటే నా భర్తకు అన్న, తిరిగే ఇనుప దిమ్మెల మధ్యకు చెరకు పెట్టేవాడు. ఎద్దు చుట్టూ తిరిగేది. గంట మోగితే ఎద్దు ఉన్నచోటే నిలబడాలి. చెయ్యి దిమ్మెల్లో చిక్కితే కాపాడేది ఆ గంటే. అందుకే పని లేని నెలల్లో అత్త దాన్ని గుడ్డలో చుట్టి దూలానికి కట్టేది. ఊరికే మోగించకూడదని ఇంటి కట్టడి.

నా బిడ్డ ఏడుపు మానేది కాదు. అత్త చేనికి పోగానే గంట దించి, కొట్టంలో కూర్చుని మోగించేదాన్ని. బిడ్డ నవ్వేది. పక్కనే కోడెదూడ. మొదట్లో చెవులు రిక్కించి చూసేది. పోనుపోను తల కూడా ఎత్తేది కాదు, మేత మేస్తూ ఉండేది. అప్పుడైనా నాకు తట్టలేదా? తట్టింది. ఏమవుతుందిలే అనుకున్నాను.

కోడె ఎదిగి, దాన్ని గానుగకు మరిపే, అంటే పని నేర్పే కాలం వచ్చింది. బావ గంట మోగించి పగ్గం లాగేవాడు. పాత ఎద్దులు నాలుగు నాళ్ళలో నేర్చుకున్న పని దీనికి పట్టుబడలేదు. ఒకసారి నిలబడితే ఇంకోసారి నడిచిపోయేది.

"అమ్మణ్ణీ, నిజం జెప్పు. ఈ గంట ముందే దీని చెవిన పడిండాదా? పడింటే గంట మానేసి కంచుతట్ట కొట్టి నేర్పుతా" అన్నాడు బావ.

అత్త గడపలోనే ఉంది. ఆమె నోటికి జడిసి, "లేదు బావా. ఆ మూట ఎవురూ ఇప్పలేదు" అన్నాను.

నమ్మాడు. మందబుద్ధి ఎద్దు, పని చేస్తూ నేర్చుకుంటుందిలే అని చెరకు పెట్టడం మొదలుపెట్టాడు. గంట దగ్గర నన్నే కూర్చోబెట్టారు.

బావ కేక వినబడింది. మోగించాను. ఎద్దు నడుస్తూనే ఉంది. ఇంకా గట్టిగా మోగించాను. పరుగెత్తి పగ్గం పట్టుకోవాలని నాకెందుకు తోచలేదు, ఆగదని అందరికంటే ముందు తెలిసినదాన్ని నేనే కదా?

విరిగిన ఎముకకైతే పుత్తూరు కట్టు ఉంది. నలిగిపోయిన చేతికి ఏం కడతారు? తీసేశారు. చెవిటిదని ఎద్దును కసాయికి తోలేశారు. బావ నన్నే ఓదార్చాడు: "నువ్వేం జేస్తావమ్మణ్ణీ, మోగిస్తానే ఉంటివి గదా."

ఆయన ఇంకా ఉన్నాడు. నేను వడ్డిస్తే ఎడమచేత్తో తింటాడు. ఆయన ఎదుట నోరు విప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆ ఎద్దుకు చెవుడు లేదు. గంటను లెక్కచెయ్యనక్కర్లేదని దానికి నేర్పింది నేను.